అరవైమూడో నంబరు

నలభై ఒకటో నంబరు దగ్గర మేకు వంకరపోయింది. తిమ్మరాయప్ప దాన్ని పీకి, రాయి మీద పెట్టి రెండు దెబ్బలతో సాపు చేసి, మళ్ళీ అదే కన్నంలో దిగ్గొట్టాడు. పక్కన డబ్బాలో కొత్త మేకులు దండిగానే ఉన్నాయి. అయినా వంకర మేకును పారేసే అలవాటు ఆయన ఒంట్లో లేదు. సుత్తి కింద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, పలకను పైనుంచి కిందికి చూశాడు. వరసకు పన్నెండు మేకులు, మొత్తం ఏడు వరసలు. ఎనభై నాలుగు మేకులకు ఎనభై నాలుగు రేకు నంబర్లు. పసుప్పచ్చ రంగు మీద నల్ల అంకెలు, పైన తాడు దూర్చుకోవడానికి బెజ్జం.

ఇంత పనికే ఆయాసం వచ్చింది. ఎడమ భుజం కింద రాత్రి నుంచీ పట్టేసినట్టు ఉంది. పడుకున్న తీరు బాగాలేదనుకున్నాడు. అరవై తొమ్మిదేళ్ళ ఒంటికి ఏదో ఒక పక్క ఏదో ఒకటి పట్టేస్తూనే ఉంటుంది, దానికి లెక్కేముంది. మడత కుర్చీ లాక్కుని, చొక్కా గొంతు గుండీ దాకా పెట్టుకుని, పలక పక్కన కూర్చున్నాడు.

మోటారు సైకిళ్ళ పండగ జరిగిన ఆ మూడు రోజులూ కేజీఎఫ్ తన తీరు మరిచిపోయింది. బెంగుళూరు నుంచి, మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి వేల మోటారు సైకిళ్ళు వచ్చిపడ్డాయి. బంగారు గనులు మూతపడి పదకొండేళ్ళుగా ఆవలిస్తూ కూర్చున్న ఊరికి అంతమంది చుట్టాలు ఒక్కసారి దిగేసరికి ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియలేదు. పెద్ద మైదానంలో అన్ని రకాల బండ్లూ ఉన్నాయి. ఈ పక్క స్కూలు గ్రౌండు మాత్రం జావా బండ్ల వాళ్ళది. ఇంకో కంపెనీ బండి ఇందులో చక్రం పెట్టకూడదు. మైసూరులో ఆ బండ్ల ఫ్యాక్టరీ కూడా ఎప్పుడో మూతపడింది. మూతపడిన ఫ్యాక్టరీ బండ్లు మూతపడిన గనుల ఊరికి రావడం చూస్తే, ఎవరి బాధ ఎవరు పరామర్శించడానికి వచ్చారో చెప్పడం కష్టం.

ఈ పని అప్పజెప్పింది అంజినప్ప. అతనికి ఆండర్సన్‌పేటలో మెకానిక్ షెడ్డు ఉంది, జావా అంటే పిచ్చి ఉంది. ఊళ్ళో ఈ షోకు అతనే పెద్ద. కిందటేడు బండ్లన్నీ వరసగా బేతమంగళం చెరువు దాకా పోయి వస్తుంటే దారిలో ఎవరెవరో వెనక తగులుకున్నారు. తీరా వచ్చాక భోజనాలు చాలక, బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు బన్నులు తిని వెళ్ళారు. ఈసారి ఆ పరువు తక్కువ పని జరగకూడదని నంబర్లు పెట్టారు. నంబరు తీసుకుని పోయినవాడు, అది తెచ్చి ఇచ్చి, భోజనానికి కూర్చోవాలి.

"నంబర్లంటే మన టోకెన్ మామ ఉండాడు గదా, ఇంగేం కావాల?" అని అంజినప్ప పోయిన వారం ఇంటికి వచ్చి అడిగాడు.

తిమ్మరాయప్ప అడిగీ అడగకముందే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు తర్వాత తనే సిగ్గుపడ్డాడు. పదకొండేళ్ళుగా ఆయన్ని ఎవరూ ఏ పనికీ పిలవలేదు మరి.

నలుగురున్న చోట ఆయన ఉంటే ముగ్గురే ఉన్నారనుకుంటారు జనం. సన్నటి మనిషి, నూనె రాసి వెనక్కి దువ్విన తెల్ల జుట్టు, చెవి సందున పెన్సిలు. మెడ ముందుకు సాగి ఉంటుంది, ఎడమ భుజం కుంగి ఉంటుంది. ఆ వంకర ఉద్యోగం ఇచ్చిందే. గనిలోకి దిగే ప్రతి మనిషీ దిగేముందు కిటికీ దగ్గర ఒక ఇత్తడి టోకెను తీసుకోవాలి. పని ముగించి పైకొచ్చాక అదే కిటికీలో తిరిగి ఇవ్వాలి. కిటికీ వెనక గోడకు పలక, పలకకు మేకులు. మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా భూమి కింద ఉన్నట్టు. మేకులన్నీ నిండితే అందరూ పైకొచ్చినట్టు, షిఫ్టు మూసినట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తిమ్మరాయప్ప ఆ కిటికీ వెనక కూర్చున్నాడు.

కిటికీ జానెడు ఎత్తు. అందులోంచి మొహాలు కనబడవు, చేతులే కనబడతాయి. బొటనవేలి గోరు నల్లబడినది మునియప్ప చెయ్యి, చూపుడువేలు సగమే ఉన్నది ఓబలప్ప చెయ్యి. వేల చేతులు ఆయనకు పేర్లతో సహా తెలుసు. ఇప్పటికీ ఎవరు పలకరించినా మొహం చూడకుండా ముందు చేతులు చూస్తాడు. కొత్తవాళ్ళు తామేదో దొంగతనం చేశామని ఈయన అనుమానిస్తున్నాడనుకుంటారు. గనిలోకి మాత్రం ఆయన దిగింది రెండే సార్లు. "పైన కూచోని పింఛను తీసుకున్న మైను మనిసి" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి.

తొమ్మిదింటికి బండ్లు రావడం మొదలైంది. మెరూన్ రంగు ట్యాంకుల మీద నికెల్ అద్దంలా మెరుస్తోంది. వాటిని తెచ్చినవాళ్ళు పిల్లల మొహాలు తుడిచినట్టు ట్యాంకులు తుడుచుకుంటున్నారు. ఒక్కొక్కరూ వచ్చి పేరు చెబుతుంటే తిమ్మరాయప్ప పుస్తకంలో రాసుకుని నంబరు తీసి చేతిలో పెట్టాడు. అందరి చేతులకూ తోలు గ్లవుసులు. ఆయనకు లోలోపల చిరాకు పుట్టింది. ఆ గ్లవుసుల వెనక ఎవరున్నారో ఏం తెలుస్తుంది?

"తిరిగొచ్చినాక ఎవురి నంబరు వాళ్ళే తెచ్చియ్యాల. ఇంగొకరి చేత పంపీకూడదు," అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. తల ఊపినవాళ్ళున్నారు కానీ విన్నవాళ్ళు లేరు.

ఒక్క మనిషి మాత్రం ఆగాడు. యాభై ఏళ్ళుంటాయి. బొజ్జ మీద తోలు జాకెట్టు గుండీలు పట్టక తెరిచే ఉంది. పేరు నంజుండగౌడ, ఊరు బెంగుళూరు. "ఏం స్వామీ, నా చేతిలో ఏం వెతుకుతున్నారు?" అని నవ్వుతూ అడిగాడు. తిమ్మరాయప్ప తడబడ్డాడు. చేతులు చూసే అలవాటప్పా, గనిలో టోకెన్లిచ్చే పని, అని నసిగాడు. నంజుండగౌడ గ్లవుసు పీకి జేబులో పెట్టుకుని, ఒట్టి చెయ్యి చాపి, తిమ్మరాయప్ప చేతిని పట్టుకుని ఊపాడు. మెత్తటి, చెమట పట్టిన చెయ్యి. ఉంగరపు వేలికి పాత కాలిన మచ్చ ఉంది. అరవైమూడో నంబరు అతనిది.

పదింటికి జెండా ఊపారు. గేరు కడ్డీనే లోపలికి నొక్కి, పైకి తిప్పి, దాన్నే కిక్ చేస్తూ ఎనభై నాలుగు మంది ఒక్కసారి బండ్లు లేపారు. నీలం పొగ గ్రౌండంతా కమ్ముకుంది. ఇంజనాయిలు కలిపిన పెట్రోలు వాసన ముక్కుల్లోకి ఎక్కింది. ఊళ్ళోవాళ్ళు గోడలెక్కి చూశారు. పది నిమిషాల్లో గ్రౌండు ఖాళీ అయింది. పలక మీద మేకులు మాత్రమే మిగిలాయి.

షామియానా కట్టేవాడు టీ తెచ్చిచ్చి, "మామా, ఇంగ ఒంటిగంట దాకా రారు. ఇంటికి పొయ్యి కాసేపు పండుకో పో," అన్నాడు.

"మేకులు ఖాళీగా ఉండాయి గదప్పా," అన్నాడు తిమ్మరాయప్ప.

షామియానావాడికి అర్థం కాలేదు.

ఖాళీ మేకుల ముందు కూర్చుంటే ఆయనకు గుర్తొచ్చేది ఒక్కటే. ఇరవై తొమ్మిదేళ్ళయింది. వాన పడుతున్న సాయంత్రం, షిఫ్టు దిగిన జనం కంపెనీ రైలు అందుకోవాలని కిటికీ దగ్గర తోసుకుంటున్నారు. పాపన్న అనే అతను రెండు టోకెన్లు లోపలికి నెట్టాడు. "ఒకటి నాది, ఒకటి పిల్లప్పది. వెనకాలే వస్తాండాడు," అన్నాడు. అది అందరూ చేసే పనే. రద్దీలో ఒకరి టోకెను ఇంకొకరు ఇవ్వడం, కిటికీవాడు చూసీ చూడనట్టు తీసుకోవడం ఎప్పుడూ ఉన్నదే. తిమ్మరాయప్ప రెండూ తీసుకుని రెండు మేకులకూ తగిలించాడు. పలక నిండింది. పుస్తకంలో 'అందరూ పైకి వచ్చారు' అని రాసి సంతకం పెట్టాడు.

పిల్లప్ప అప్పుడు రెండువేల అడుగుల కింద ఉన్నాడు. మనుషుల్ని పైకి తెచ్చే కేజ్ దగ్గర దాకా వచ్చి, టిఫిన్ క్యారియరు మరిచిపోయానని టోకెను పాపన్న చేతిలో పెట్టి వెనక్కి పోయాడు. ఆ తర్వాత కాసేపటికి ఊరంతా అదిరింది. లోపల రాయి పేలింది. అలాంటప్పుడు వెంటనే పలక చూస్తారు. పలక నిండుగా ఉంది. లోపల ఎవరూ లేరు కదా అని ఎవరూ దిగలేదు. మర్నాడు పొద్దున పిల్లప్ప భార్య మారమ్మ వచ్చి, "మా ఆయప్ప ఇంటికి రాలేదు" అని కిటికీలోకి చెయ్యి పెట్టి అడిగింది. రెండో రోజుకు పిల్లప్ప దొరికాడు. కాళ్ళ మీదే రాయి పడిందని, తెల్లారేదాకా బతికి ఉండొచ్చని డాక్టరు చెప్పాడు.

విచారణలో తిమ్మరాయప్పకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. అంతే. ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరూ చేసే పనే కదా. అన్నా బాగుండేదని ఆయనకు చాలాసార్లు అనిపించింది. మారమ్మ ఉండే వీధిలోకి ఆయన మళ్ళీ పోలేదు. బస్టాండుకు పోవాలన్నా చుట్టు తిరిగి పోయేవాడు. ఆ రోజు నుంచి కిటికీలో ఎవరి టోకెను వాళ్ళ చేత్తో ఇస్తేనే తీసుకునేవాడు. రైలు తప్పిపోయిందని తిట్టినవాళ్ళున్నారు, చాదస్తం ముసలోడని నలభై ఏళ్ళకే పేరు పెట్టినవాళ్ళున్నారు. ఆయన చెవిన వేసుకోలేదు.

ఒంటిగంటకు బండ్లు తిరిగొచ్చాయి. గని మట్టి దిబ్బల మీది తెల్ల దుమ్ము, ఆషాఢం గాలి, ఆకలి అన్నీ వాళ్ళతోనే వచ్చాయి. ఒక్కొక్క నంబరూ తీసుకుని తిమ్మరాయప్ప మేకుకు తగిలించాడు. ప్రతి తగిలింపుకూ చెయ్యి పైకెత్తితే భుజం కింద పోటు వస్తోంది. రెండు గంటలకు ఒక గడ్డం కుర్రాడు వచ్చి బల్ల మీద రెండు రేకులు పడేశాడు. అరవై రెండు, అరవై మూడు.

తిమ్మరాయప్ప ఆ రెండో రేకు వంక చూశాడు. చెయ్యి ముందుకు రాలేదు.

"ఇదెవురిది?"

"నంజుండన్నది. చెరువు కట్ట మీద నా చేతికిచ్చాడు. వెనకాల వస్తాడు," అని గడ్డం కుర్రాడు బిర్యానీ వాసన వచ్చే వైపు చూస్తూ చెప్పాడు.

"ఆయన్నే తెమ్మను."

"అయ్యో తాతా, నంబరు వచ్చింది కదా! మేకుకు తగిలించేస్తే అయిపోతుంది."

"నంబరొచ్చింది. మనిసి రాలేదు."

గడ్డం కుర్రాడు నవ్వి, రేకు అక్కడే వదిలేసి భోజనానికి పోయాడు. తిమ్మరాయప్ప దాన్ని తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎనభై మూడు మేకులు నిండాయి. ఆరో వరసలో ఒక్కటి మిగిలింది.

రెండున్నర అయింది. ఆయన పోయి అంజినప్పను పట్టుకున్నాడు. అంజినప్ప ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో బహుమతుల జాబితా పట్టుకుని, ఎవరో పెద్దమనిషి కారుకు దారి చేయిస్తున్నాడు. నంజుండగౌడకు ఫోను చేసి చూశాడు. స్విచాఫ్. "వస్తాడులే మామా, యాడికి పోతాడు? నువ్వు ముందు పొయ్యి తిను," అన్నాడు. మూడింటికి తిమ్మరాయప్ప మళ్ళీ పోయాడు. అంజినప్ప ఈసారి మొహం కూడా తిప్పలేదు. స్టేజీ మీద అందమైన బండికి, పాత బండికి, దూరం నుంచి వచ్చిన బండికి కప్పులు ఇవ్వడం మొదలైంది.

తిమ్మరాయప్ప స్టేజీ పక్కన నిలబడ్డాడు. జీవితంలో ఆయన మైకు ముందుకు పోలేదు. నలుగురిలో గొంతెత్తి మాట్లాడింది లేదు. పోతే నవ్వుతారు, తెలుసు. పోకపోతే? కిటికీలోకి చెయ్యి పెట్టిన ఆడమనిషి గాజులు ఆయన కళ్ళ ముందు ఆడాయి. ఆ మెత్తటి చేతికి కూడా ఒక ఇల్లు ఉంటుంది కదా. ఇంట్లో ఎవరో ఒకరు ఎదురు చూస్తుంటారు కదా. మూడు మెట్లెక్కి, కప్పు పుచ్చుకుంటున్న మనిషి పక్కనుంచి దూరి, మైకు పట్టుకున్నాడు.

"అయ్యా," అన్నాడు. మైకు నోటి దగ్గరికి లాక్కున్నాడు. మళ్ళీ అన్నాడు. "అయ్యా, ఒక మనిసి ఇంగా పైకి రాలేదు."

బెంగుళూరు వాళ్ళు గొల్లున నవ్వారు. పైకి రావడమేమిటి, ఎక్కడినుంచి? గడ్డం కుర్రాడు ఈల కూడా వేశాడు. కానీ షామియానా చివర, వేడుక చూడ్డానికి వచ్చి నేల మీద కూర్చున్న ఊరి ముసలివాళ్ళు నవ్వలేదు. వాళ్ళకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ముందు చూపుడువేలు సగం ఉన్న ఓబలప్ప లేచాడు. తర్వాత ఇంకొకరు లేచారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ళు పట్టుకుని, పంచెలు దులుపుకుని, ఇరవై ముప్ఫై మంది లేచి నిలబడ్డారు.

"యాడ చూసినారప్పా కడసారి?" అని ఓబలప్ప అడిగాడు.

"బేతమంగళం కట్ట మీద," అన్నాడు తిమ్మరాయప్ప.

అంజినప్ప వచ్చి చెయ్యి పట్టుకునేలోపే అంతా అయిపోయింది. ఆటోవాళ్ళు ఆటోలు తీశారు, సైకిళ్ళున్నవాళ్ళు సైకిళ్ళెక్కారు. చూస్తూ చూస్తూ ఊరుకోలేక జావా వాళ్ళలో కూడా కొందరు బండ్లు లేపారు. కప్పులు బల్ల మీదే ఉండిపోయాయి, పెద్దమనిషి కారెక్కి వెళ్ళిపోయాడు. చెరువు కట్ట వెతికారు, తూముల దగ్గర చూశారు. దారిలో పాత గోతులు, కంచె విరిగిన గని షాఫ్టు చుట్టుపక్కల, దిబ్బల వాలు, అన్నీ వెతికారు. వెతికేవాళ్ళలో చాలామందికి నడిస్తేనే దగ్గొస్తుంది. దగ్గుతూనే వెతికారు.

తిమ్మరాయప్పను వద్దన్నారు. నువ్వు పలక దగ్గరుండు, వస్తే చెప్పు, అన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని గేటు వైపు చూస్తూ ఉన్నాడు. గాలికి దుమ్ము రేగి తల మీద, కనుబొమల మీద, పెదవుల మీద పడుతోంది. తుడుచుకునే ఓపిక లేదు. ఒళ్ళంతా అలసిపోయింది. ఈ పొద్దు ఒక్కటే కాదు, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇట్లా కూర్చునే ఉన్నానేమో అనిపించింది.

అయిదు అవుతుండగా గడ్డం కుర్రాడి ఫోను మోగింది. అవతల నంజుండగౌడ. ఇంటి నుంచి చేస్తున్నాడు. చెరువు కట్ట మీదుండగా భార్య ఫోను చేసి అత్తగారు వచ్చిందని చెబితే, అటునుంచి అటే కోలారు మీదుగా బెంగుళూరు దారి పట్టాడు. దారిలో ఫోను ఛార్జి అయిపోయింది. ఇంటికిపోయి భోంచేసి, ఒక కునుకు తీసి, ఇప్పుడే లేచాడు. ఏమిటి ఇన్నిసార్లు చేశారు, అని అడుగుతున్నాడు.

కొందరు నవ్వారు, చాలామంది తిట్టారు. కప్పు రాబోయి ఆగిపోయినవాళ్ళు మరీ గట్టిగా తిట్టారు. అంజినప్పకు తల కొట్టేసినట్టయింది. ఏడాది నుంచి తిరిగి తిరిగి ఏర్పాటు చేసుకున్న షో, అందరి ముందూ నవ్వులపాలైంది. పలక దగ్గరికి వచ్చి అరిచాడు.

"ఏం మామా ఇది? ఇంత చెయ్యాల్నా? ఆయన యాడో ఇంట్లో నిద్రపోతాంటే ఊరంతా గోతులు ఎతకాల్నా? ఇది మైను గాదు మామా! మైను మూసి పదకొండేండ్లాయ!"

తిమ్మరాయప్ప ఆ అరుపు విన్నట్టు లేదు. "ఇంట్లో ఉండాడా?" అన్నాడు.

"ఉండాడు! తిని పండుకోని లేచినాడు!"

"నిజంగా ఆయనేనా? ఫోను ఇట్లియ్యి, నేను మాట్లాడతా."

గడ్డం కుర్రాడు విసుగ్గా ఫోను చేతిలో పెట్టాడు. తిమ్మరాయప్ప దాన్ని రెండు చేతులతో చెవికి ఆనించుకున్నాడు. "ఎవురు? నంజుండగౌడరేనా?" అని అడిగాడు. అవునంటే, ఉంగరపు వేలికి మచ్చ ఎట్లయింది అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. అవతల మనిషి, చిన్నప్పుడు సైలెన్సరు తగిలి కాలిందని చెప్పాడు. "ఊట ఆయ్తా స్వామీ?" అని తిమ్మరాయప్ప కన్నడంలో భోజనం సంగతి అడిగాడు. ఆయ్తు, అన్నాడు. ఏం తిన్నారని కూడా అడిగాడు. రాగిముద్ద, మొలకల సారు.

తిమ్మరాయప్పకు ఏడుపొచ్చింది. పట్టరాని సంతోషంతో వచ్చింది. ముద్ద తిని, నిద్రపోయి, ఆవలిస్తూ ఫోను చేసే మనిషి. ఎంత మంచి సంగతి! వీళ్ళందరూ ఎందుకు తిడుతున్నారో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

"మీ నంబరు నా దగ్గరుండాది. నా చేత్తో తగిలించనా? మీరు చెప్తేనే," అన్నాడు.

అవతల నంజుండగౌడ గొంతు మారింది. పొద్దున చెప్పిన మాట అతనికి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. "తగిలించండి స్వామీ. తప్పయింది," అన్నాడు.

తిమ్మరాయప్ప లేచాడు. జేబులోంచి రేకు తీసి, ఎడమ చెయ్యి లేవకపోతే కుడి చేత్తోనే ఆరో వరసలో మేకుకు తగిలించాడు. రేకు ఊగి ఆగేదాకా చూశాడు. పుస్తకంలో గీత కొట్టి సంతకం పెట్టాడు. తర్వాత కుర్చీలో వెనక్కి ఆనుకుని, కోపంగా నిలబడ్డ అంజినప్పతో, "అంతా వచ్చేసినారప్పా. ఇంగ ఎవురూ లేరు," అన్నాడు.

అంజినప్ప చెయ్యి విదిలించి షామియానా వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. వెతకబోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మనిషి ఇల్లు చేరాడని చెబితే, "అట్లనా, మంచిది," అని మాత్రం అని ఇళ్ళకు పోయారు. జావాలు గుంపులు గుంపులుగా కదిలి రోడ్డెక్కాయి. షామియానా దించారు, గుంజలు పీకారు, కుర్చీలు పది పదిగా మడిచి బండికెత్తారు. చివరికి ఒక్క కుర్చీ తక్కువైంది. షామియానావాడు పలక దగ్గరికి వచ్చి, "లెయ్యి మామా, పొద్దు పోతాంది," అన్నాడు. మళ్ళీ అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీసేసుకుని, అంజినప్పా అంజినప్పా అని కేకపెట్టాడు.

అంజినప్ప పరిగెత్తి వచ్చాడు. ముసలాయన కళ్ళు పలక వైపే తెరుచుకుని ఉన్నాయి. మొహాన నొప్పి జాడ లేదు. అంజినప్ప కింద కూలబడి, ఆ రెండు చేతులూ పట్టుకుని, "మామా, ఊరికే కోపంలో అన్నాను మామా, లెయ్యి మామా," అని పసివాడిలా ఏడ్చాడు. కడసారి తను ఆయనతో అన్న మాటలేమిటో అతనికి బాగా తెలుసు.

ఆటోలో ఇంటికి తెచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. భార్య గంగులమ్మ గుమ్మంలోనే ఉంది. అయిదింటికల్లా వస్తానని చెప్పిన మనిషి రాలేదని చూస్తోంది. మోసుకొస్తున్నవాళ్ళ నడకను బట్టే ఆమెకు తెలిసింది. ఆ ఊళ్ళో అట్లా మోసుకురావడం ఆమె చాలా ఇళ్ళ ముందు చూసింది. అరవలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చింది. లోపల చాప మీద పడుకోబెట్టాక, కూర్చుని, ఆయన కనుబొమల మీది దుమ్మును కొంగుతో తుడిచింది. ఎంత తుడిచినా పోలేదు. అప్పుడు ఏడ్చింది.

కాసేపటికి లేచి పెరట్లోకి పోయింది. పొయ్యి మీద పెద్ద అండాలో నీళ్ళు మరుగుతున్నాయి. ఈ పొద్దు పనికి పోయినాడు కదా అని, నాలుగున్నరకే కట్టెలు ఎగదోసి పెట్టింది. షిఫ్టు దిగి వచ్చే మనిషికి నీళ్ళు కాచిపెట్టడం ఆ ఊరి ఆడవాళ్ళు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్న పని. పదకొండేళ్ళ తర్వాత ఆమెకు మళ్ళీ ఆ పని పడింది.

"నీళ్ళు కాగినాయి. ఎత్తుకోని రాండప్పా," అంది.

పెద్దవాళ్ళు సర్దిచెప్పబోయారు. స్నానం రేపు కదా, ముళబాగిలు నుంచి కూతురు రావాల కదా, అన్నారు.

"రేపటిది రేపు. ఆ స్నానం మీరు చేయించండి, మీ పద్ధతి ప్రకారం," అంది గంగులమ్మ. "ఇది నాది. పనికి పోయి దుమ్ముతో వచ్చినోణ్ణి నేను ఏ పొద్దూ అట్లే పండుకోనీలేదు."

అంజినప్ప, ఓబలప్ప కలిసి ఎత్తుకొచ్చి, పెరట్లో బండ మీద తమ ఒళ్ళోకి ఆనించుకుని కూర్చోబెట్టారు. ఆమె చన్నీళ్ళు కలిపి తొరిపింది, చెయ్యి పెట్టి వేడి చూసింది, తల మీద నుంచి పోసింది. మధ్యాహ్నం ఆయన కోసమే అంగడి నుంచి తెచ్చిన కొత్త సబ్బు కాగితం చించి, మెడకు, కుంగిన భుజానికి, చేతులకు, ఒక్కొక్క వేలికీ రుద్దింది. తెల్లటి దుమ్మంతా కరిగి కాలవలోకి పోయింది. అండా ఖాళీ అయ్యేదాకా పోసి, ఒళ్ళు తుడిచి, ఉతికిన పంచె కట్టించి, లోపలికి పంపింది.

తనూ వాళ్ళ వెంట లోపలికి పోయింది. బండ పక్కన ఎర్ర సబ్బు ఉండిపోయింది. ఒక్కసారే రుద్దినది, మీది అక్షరాలు ఇంకా చెరగలేదు.